పెరట్లో ఆగిన బస్సు

మొన్న బొబ్బిలి బస్సెక్కి కూర్చున్నాను. ఎండ పడుతోందని కిటికీ పక్క సీటు వదిలేసి ఇవతల కూర్చున్నాను. బస్సు ఇంకా స్టాండులోనే ఉంది. కిటికీలోంచి ఒక తువ్వాలు ఎగిరొచ్చి నా ఒళ్ళో పడింది. కింద నుంచి ఒక మీసాలాయన కేక: "అమ్మా, అది పక్క సీటు మీద ఎయ్యమ్మా! నాను ఎక్కుతన్నాను!"

ఇంకొకరైతే కసురుకునేవారు. నేను ఆ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కిటికీ పక్క సీటు మీద పరిచి, దాని మీద చెయ్యి కూడా వేసి కాపలా కాశాను. ఒకావిడ బుట్టతో వచ్చి కూర్చోబోయింది. "తువ్వాలుందమ్మా" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయింది. మా వైపు రిజిస్ట్రారు ఆఫీసు కాగితాన్నైనా కాదంటారేమో గాని, సీటు మీద తువ్వాలును ఎవరూ కాదనరు.

బస్సు కదిలాక మీసాలాయన కిటికీ అద్దంతో కుస్తీ మొదలుపెట్టాడు. అది ఇరుక్కుపోయి అంగుళం కూడా కదల్లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. నాకు చూస్తూ కూర్చోవడం చేతకాలేదు. లేచి, అద్దం కింది మూల అరచేతి మొదలుతో రెండు దెబ్బలు వేసి, రెండు వేళ్ళతో తోశాను. జరిగింది.

"ఏటమ్మా, మీకు గాని బస్సులున్నాయేటి?" అన్నాడాయన.

"ఒక్కటే ఉంది. పెరట్లో" అన్నాను.

ఆయన నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసి, కిటికీ వైపు కొంచెం ఒదిగి కూర్చున్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. ఆ బస్సు కట్టినవాడు మా పెదనాన్న. ఆయన పోయి కొన్నేళ్ళయింది. బొబ్బిలి వచ్చేదాకా ఆయనే నా పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

పెదనాన్న విజయనగరంలో బస్సులకు బాడీలు కట్టే ఒక షెడ్డులో అద్దాలు బిగించేవాడు. పొద్దున్నే చీపురుపల్లిలో పాసింజరు రైలెక్కి వెళ్ళి, సాయంత్రం పాసింజరులోనే వచ్చేవాడు. బస్సు మనిషివి రైల్లో తిరుగుతావేమిటని ఎవరైనా నవ్వితే, "మిఠాయి కొట్టోడు మిఠాయి తింటాడేటి?" అనేవాడు.

చేతులెప్పుడూ సబ్బు వాసన వేసేవి. శుభ్రం మీద మక్కువ ఉండి కాదు. అద్దం చుట్టూ రబ్బరు పట్టీ ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్ళు రాస్తారు, లేకపోతే అద్దం గాడిలోకి జారదు. "అద్దాన్ని బతిమాలాలే, బెదిరించకూడదు" అనేవాడు. పెద్దమ్మను మాత్రం బతికున్నన్నాళ్ళూ బెదిరిస్తూనే ఉండేవాడు, ఆవిడ చచ్చినా భయపడేది కాదు.

ప్రపంచంలో దేన్నైనా సీట్లతోనే కొలిచేవాడు. బియ్యం బస్తా అర సీటు. పూజ గది ఒక సీటు. నాకు సంబంధం వచ్చినప్పుడు అబ్బాయిని చూసి రమ్మని ఆయన్నే పంపారు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "మంచోడే. సీటున్నర ఉంటాడు" అన్నాడు. మా అమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ సీటున్నరే మా ఆయన.

ఇక తువ్వాలు. ఎక్కడికి వెళ్ళినా ముందు తువ్వాలు వెళ్ళేది, తర్వాత పెదనాన్న వెళ్ళేవాడు. పెళ్ళిలో ఇంకా విస్తళ్ళు వెయ్యకముందే బంతిలో తువ్వాలు పడేది. మంగలి షాపులో తువ్వాలు. డాక్టరు దగ్గర, రోగి అన్నవాడు లేని ఖాళీ బెంచీ మీద కూడా తువ్వాలే. "ఎవరూ లేరు కదా పెదనాన్నా" అన్నాను ఒకసారి. "ఇప్పుడు నేరు. వస్తారు" అన్నాడు చాలా అనుభవం ఉన్నవాడిలా.

మా ఇల్లు చీపురుపల్లిలో వరస ఇళ్ళ మధ్య ఇరుక్కున్న ఇల్లు. రెండు పక్కలా పక్కవాళ్ళ గోడలే. వెలుతురు వీధి వైపు నుంచి లోపలికొచ్చి, మొదటి గదిలో కాసేపు కూర్చుని, రెండో గది దాకా రాకుండానే వెళ్ళిపోతుంది. ఆ రెండో గదిలో ట్యూబులైటు కింద నా కుట్టుమిషను. నేను జాకెట్లు కుడతాను. నల్ల జాకెట్టుకు నల్ల దారం వెయ్యాలంటే దేవుడి మీద భారం వేసి తొక్కడమే. ఒకసారి ఒక పిల్ల జాకెట్టుకు చెయ్యి తిరగేసి కుట్టిచ్చాను. అది కొత్త ఫ్యాషననుకుని ఆ పిల్ల వేసుకుని తిరిగింది కూడా. అదృష్టం నాది.

కళ్ళ డాక్టరు మాత్రం ఫ్యాషననుకోలేదు. "పగటి వెలుతురులో కుట్టు, లేకపోతే కుట్టడం మానెయ్యి" అని తేల్చేశాడు. మిషను మానేస్తే నాకింక ఏముంది? ఇంటికి వచ్చి రెండు రోజులు మిషను మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. మూడో రోజు మా ఆయన, పెరట్లో అద్దాల గది కట్టిద్దామన్నాడు.

మా ఆయన గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వేలితో తోసే ఫోన్లు వస్తున్నాయి. తన ఫోనులో ఒక బొమ్మ దించుకొచ్చాడు. పాత ఇంటికి వెనక ఒక కొత్త గది, మూడు వైపులా నేల నుంచి కప్పు దాకా ఒకే ఒక అద్దం, లోపల తెల్ల సోఫా, సోఫా మీద తెల్ల పిల్లి, బయట మంచు. అద్దాల సంగతి కదా అని పెదనాన్నను పిలిచి చూపించాం.

పెదనాన్న ఫోను చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాడు.

"ఇది ఎటు తెరుస్తారల్లుడూ?"

"తెరవరు మావయ్యా. ఫిక్సుడు. మోడ్రన్ అంటే అంతే."

"తెరవని కిటికీ కిటికీయేటి? అది టీవీ."

"బయట వ్యూ సూసుకోడానికి మావయ్యా."

"మన బయట ఏటున్నాది? నీ బాత్రూము, పక్కింటి పైడమ్మ పేడకుప్ప. దానికి ఇంత టీవీ ఎందుకు? మే నెల్లో ఈ పిల్ల ఇందులో కూకుంటే సాయంత్రానికి అప్పడమైపోతాది. ఆ పిల్లికేటి, దానికి మంచున్నాది."

ఫోను తిరిగిచ్చేసి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "నానే కడతాను. అద్దాలు నాకు తెల్సు కదా."

ఆయన షెడ్డు పని మానేసి అప్పటికి ఏడాదైంది. ఆ ఏడాదంతా చేతులకు సబ్బు వాసన లేదు. మా ఆయన నోరు తెరిచేలోపు నేనే "కట్టు పెదనాన్నా" అనేశాను.

కాగితం మీద గీయడం ఆయనకు చేతకాదు. ఆదివారం పొద్దున్నే వచ్చి, నా ముగ్గు డబ్బా పట్టుకుని, పెరట్లో గదిని అసలు కొలతలతోనే నేల మీద గీసేశాడు. మూడు సీట్ల వెడల్పు, ఆరు సీట్ల పొడవు. గోడలు గీతలు, కిటికీలు చుక్కలు, డోరు ఉన్నచోట ఖాళీ. లోపల నాలుగు స్టూళ్ళు వేసి, "వారం రోజులు ఇందులో బతకండి. ఎక్కడ ఇబ్బందో తెలిస్తాది. తరవాత ఇనుం ఎడదాం" అన్నాడు.

బతకడమంటే మామూలుగా కాదు. గీత దాటడానికి వీల్లేదు. మా ఆయన డ్యూటీకి ఆలస్యమైపోతోందని బకెట్టు పట్టుకుని బాత్రూము వైపు అడ్డంగా నడిచాడు.

"గోడలోంచి ఎలిపోతావేటల్లుడూ! డోరు ఆ పక్క!"

"మావయ్యా, ఇక్కడ గోడ నేదు!"

"నేదని నీకు తెల్సు. గోడకి తెలదు. తిరిగిరా."

సీటున్నర మనిషి బకెట్టుతో వెనక్కి తిరిగి, ముగ్గు చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళాడు. పక్కింటి పైడమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి, గీత బయట ఆగి, గాల్లో తలుపు తట్టి, "రావచ్చేటి?" అని అడిగింది. పెదనాన్నకు ఆవిడంటే గౌరవం అక్కడే మొదలైంది.

మర్నాడు చూస్తే తూర్పు గోడ లేదు. నా ముగ్గు డబ్బాలో సగం బియ్యప్పిండి ఉంటుంది. పైడమ్మ కోళ్ళు తెల్లారేసరికి గోడ మొత్తం పొడుచుకుని తినేసి, దర్జాగా మా గది మధ్య నిలబడ్డాయి. మా ఆయన పగలబడి నవ్వాడు. పెదనాన్న నవ్వలేదు. గొంతుక్కూర్చుని కోళ్ళు వచ్చే దారి, పోయే దారి కాసేపు చూశాడు.

"తూర్పేపు గోడ అడ్డమని కోడి సెప్తన్నాది. మనుసులు కూడా అటే వస్తారు. డోరు ఇటు ఎడదాం" అన్నాడు. మా ఇంట్లో కోడి సలహా మీద పెట్టిన డోరు అది. ఇప్పటికీ అటునుంచే అందరూ వస్తారు.

తర్వాత నా పరీక్ష మొదలైంది. ఒక సూది, ఒక నల్ల దారపు ఉండ చేతికిచ్చి నన్ను ఒక్కో స్టూలు మీద కూర్చోబెట్టాడు. పొద్దున్న తొమ్మిదికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. ప్రతి చోటా దారం ఎక్కించాలి. ఎన్నిసార్లకు ఎక్కిందో ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మొదటి స్టూలు మీద ఏడుసార్లు పట్టింది. రెండోదాని మీద నాలుగు. ఎడమవైపు మూడో స్టూలు మీద, నాలుగు గంటల ఎండ పక్కనుంచి వచ్చి నా చేతి మీద పడుతుంటే, ఒక్కసారికే ఎక్కింది.

పెదనాన్న అక్కడ ఒక ఇటుక పాతాడు. "నీ మిషను ఇక్కడ. మిగతా గది దీని సుట్టూ కడతాను" అన్నాడు.

మా పుట్టింట్లోనూ, అత్తవారింట్లోనూ వంటగది పొయ్యి చుట్టూ కట్టారు, పడకగది బీరువా చుట్టూ కట్టారు. నా సూది చుట్టూ ఏదైనా కడతారని నేనెప్పుడూ అనుకోలేదు. సూదిలో మళ్ళీ దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను. ఆయన అవేవీ చూడకుండా వెనక మూలకు నడిచి, కిటికీ చుక్కల పక్కన నేల మీద తువ్వాలు విసిరాడు. "ఇది నాది" అన్నాడు.

ఇనుప గొట్టాలు వచ్చాయి, వెల్డింగు జరిగింది, కప్పు పడింది. వారం తిరిగేసరికి వెనక సందులో నడిచేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. కిటికీలు మోచేతి ఎత్తునుంచి మొదలై వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ రెండేసి అద్దాలు, ఒకదాని వెనక ఒకటి జరిగేటట్టు. కప్పు అంచులు గుండ్రంగా కిందికి వంగాయి. వెనక గోడలో నడుమెత్తున ఒక చిన్న తలుపు, దాని మీద ఎర్ర రంగుతో, వంకర అక్షరాలతో "అత్యవసర ద్వారం".

"ఎన్ని సీట్లండీ?" అని ఒకాయన సందులోంచి అడిగాడు. "పలాస ఎల్తాదా?" అని ఇంకొకాయన.

మా ఆయన డ్యూటీ నుంచి ముఖం మాడ్చుకుని వచ్చాడు. "ఫ్యాక్టరీలో నన్ను డ్రైవరుగారూ అంటన్నారు మావయ్యా! నానేటడిగాను, మీరేటి కట్టినారు? ఇది బస్సు! మీరు బస్సు కడతన్నారు!"

పెదనాన్న చేతిలోని సుత్తి కింద పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఆ పక్కనుంచి వెళ్ళి చూశాడు. తర్వాత చాలా ఆశ్చర్యంగా, "అవునల్లుడూ. బస్సే" అన్నాడు.

ఒట్టు, ఆయనకు అప్పటిదాకా తెలియదు. తను మోడ్రన్ గదే కడుతున్నాననుకున్నాడు. "సేతులకి ఇదొక్కటే తెల్సు" అని తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"ఆదివారం విశాఖపట్నం నుంచి మనిషొస్తాడు. ఈ కిటికీలన్నీ పీకీసి ఒకటే అద్దం ఎడతాడు. మీరింక కష్టపడకండి" అన్నాడు మా ఆయన. పెదనాన్న రబ్బరు సుత్తి సంచిలో వేసుకుని, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి ఒక్క కిటికీకే అద్దాలు పడ్డాయి. అది వెనక మూల, ఆయన తువ్వాలు వేసుకున్న చోటు.

నాలుగు రోజులు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్ళాను. పెదనాన్న వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. పెద్దమ్మ పోయాక ఒక్కడే ఉండేవాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ మీద తువ్వాలు వేసి ఉంది, ఆయన మాత్రం గడప మీద కూర్చున్నాడు.

"ఎందుకు రాలేదు?"

"అల్లుడు సెప్పింది నిజమేనే. బస్సెవడు కట్టించుకుంటాడు ఇంట్లో?"

"నాకు వెలుతురొస్తోంది కదా. చాలదా?"

"విశాఖపట్నం వోడి అద్దంలోంచి కూడా వస్తాది ఎలుతురు." ఒళ్ళో ఉన్న సుత్తిని పక్కకి దొర్లించాడు. "ఒకటి సెప్పనా? నలభై ఏళ్ళు అద్దాలు బిగించినాను. ఒక్కటీ నా కాడ నేదు. బిగించడం, బండి ఎలిపోడం. బిగించడం, బండి ఎలిపోడం. నా అద్దంలోంచి బయటికి సూస్తే ఎలాగుంటాదో నాకు తెలదు. ఒక్క అద్దం, ఒకే ఒక్కటి, కదలకుండా ఉంటే, దాని పక్కన కూకుందామనుకున్నాను."

నేను కుట్టుపని చేసేదాన్ని. నేను కుట్టిన జాకెట్లన్నీ ఎవరి పెళ్ళిళ్ళకో వెళ్ళిపోతాయి. ఆయన మాటకు నాకు ఇంకెవరూ అర్థం చెప్పనక్కర్లేదు. "లేచి రా. ఆ కిటికీ పీకితే నేను మిషను అమ్మేస్తానని చెప్తాను" అని ఆయన సుత్తి సంచి నేనే పట్టుకుని బయలుదేరాను. దారంతా మా ఆయనతో పెట్టుకోబోయే తగువు రెండు రకాలుగా సిద్ధం చేసుకున్నాను. రెండూ పనికి రాలేదు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో విశాఖపట్నం మనిషి టేపు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. మా ఆయన ఆ మనిషి కోసం ఎదురుచూస్తూ, పోనీ కాసేపని లోపల స్టూలు మీద, అద్దాలున్న ఆ ఒక్క కిటికీ పక్కన కూర్చున్నాడట. కిటికీ సగం తెరిచి ఉంది. గాలి వస్తోంది. రోజూ డ్యూటీ బస్సులో తల అద్దానికి ఆనించి గరివిడి దాకా నిద్రపోయే మనిషి. ఒళ్ళు అలవాటు ప్రకారం తన పని తను చేసేసింది. తల అద్దానికి ఆనించి, నోరు తెరిచి, గురక పెడుతున్నాడు.

"అరగంట నుంచి లేపుతున్నానండీ" అన్నాడా మనిషి.

పెదనాన్న లోపలికి వెళ్ళి, అద్దం మీద గోటితో టక్కుమని కొట్టాడు. మా ఆయన ఉలిక్కిపడి లేచి, చొక్కా సర్దుకుంటూ, "గరివిడి వచ్చీసిందా?" అన్నాడు.

మా ఆయన నన్ను చూశాడు, పెదనాన్నను చూశాడు, అద్దం మీద తన చొంగ మరకను చూశాడు.

"మరి కొలతలు..." అన్నాడు విశాఖపట్నం మనిషి.

"అక్కర్నేదండీ. ఇది బస్సు. టీ తాగి ఎళ్ళండి" అన్నాడు మా ఆయన.

గది పూర్తయ్యాక పంతులుగారిని పిలిచాం. ఆయన గది చుట్టూ తిరిగి, సంచి దించకుండానే, "ఇల్లయితే పాలు పొంగించాలి, బండయితే నిమ్మకాయలు తొక్కించాలి. ఇదేమిటో ముందు చెప్పండి" అన్నాడు.

"రెండూ సేసీండి పంతులుగారూ" అన్నాడు పెదనాన్న.

పాలు పొంగించాం. నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు పెట్టాం. బండి కదిలితే కదా తొక్కడానికి! పెదనాన్న ఆలోచించి, "అది కదలదు కాబట్టి మనమే తొక్కాల" అన్నాడు. మా ఆయన ఒకటి, నేనొకటి, పైడమ్మ ఒకటి తొక్కాం. నాలుగోది పెదనాన్న తొక్కి, జారి, పంతులుగారి మీద పడ్డాడు. రబ్బరు పట్టీలకు రాసిన సబ్బు నీళ్ళు ఇంకా ఆరలేదు.

నాకు వెలుతురు దొరికింది. నల్ల దారం నల్ల గుడ్డ మీద చీమల బారులా కనిపించేది. కానీ ఒక చిక్కు నేనెవరికీ చెప్పలేదు. జాకెట్లు కుట్టేవాళ్ళకు ఒక అబద్ధం ఉంటుంది. జాకెట్టు కాకపోతే మనిషి ఇంట్లో ఉండదు. నేను రెండో గది చీకట్లో ఉన్నన్నాళ్ళూ మా ఆయన వీధి గుమ్మంలో నిలబడి ఆ అబద్ధం నిక్షేపంగా నడిపేవాడు.

గది కట్టిన నెలకు టీచరమ్మ ఒకావిడ వచ్చింది. మర్నాడు ఆవిడ చెల్లెలి పెళ్ళి. ఆవిడ జాకెట్టు గుడ్డ ఇంకా కత్తిరించనైనా లేదు, నా మిషను కిందే మడత పెట్టి ఉంది.

"ఊళ్ళో నేదండీ. బొబ్బిలి ఎల్లింది" అన్నాడు మా ఆయన గుమ్మంలో.

టీచరమ్మ ఆయన భుజం మీంచి చూసింది. వీధి గుమ్మం, మొదటి గది, రెండో గది, వంటగది, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఆ వరస చివర, నాలుగు గంటల ఎండలో, మిషను ముందు నేను ధగధగలాడుతూ కూర్చున్నాను.

"మరి ఆవిడెవరు?"

మా ఆయన వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూశాడు. "నాకూ తెలదండీ" అన్నాడు.

నేను స్టూలు మీంచి కిందికి జారి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వెనక గోడ దగ్గరికి వెళ్ళాను. పెదనాన్న వెనక మూల కిటికీ పక్కన, తన సీట్లోనే ఉన్నాడు. అత్యవసర ద్వారం గొళ్ళెం తీసి, "బేగి దిగు, బేగి దిగు! ఎడంకాలు ముందెట్టు!" అన్నాడు. ఎడంకాలు ముందు పెట్టాను. అది పైడమ్మ పేడకుప్పలో దిగింది. తల తిప్పి చూస్తే, టీచరమ్మ మా వంటగది దాటొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, అద్దంలోంచి మొత్తం చూస్తోంది. అవి అద్దాలని నేనెలా మరిచిపోయానో నాకిప్పటికీ తెలియదు.

కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంటే పెదనాన్న అన్నాడు: "అద్దాల బండిలో దాక్కోడానికి అవదే. కుట్టీ, అంతే." ఆ సాయంత్రం పొద్దుగుంకేలోపు ఆ జాకెట్టు కుట్టిచ్చాను. ఆ తర్వాత ఇంకో దారి లేక అన్నీ రోజుకే ఇవ్వడం మొదలుపెట్టాను. చీపురుపల్లి మొత్తం మీద చెప్పిన రోజుకు జాకెట్టిచ్చేది నేనొక్కదాన్నేనని పేరొచ్చింది. నా మంచితనం ఏమీ లేదు, అంతా అద్దాలే.

పెదనాన్న రోజూ నాలుగింటికి వచ్చేవాడు. ముందు కిటికీలోంచి తువ్వాలు వచ్చి సీటు మీద పడేది. తర్వాత చుట్టూ తిరిగి డోరులోంచి ఆయన వచ్చేవాడు. గదిలో ఆయన తప్ప ఇంకో మగమనిషి ఉండడు, ఆ సీటుకు పోటీ ఎవరూ లేరు. అయినా వేసేవాడు. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర గుమిగూడితే, "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే" అనేవాడు.

కిటికీ సగం తెరిచి, మోచెయ్యి ఆనించి, బయటికి చూసేవాడు. మా బాత్రూము తలుపు, పేడకుప్ప, కోళ్ళు. గంటలకొద్దీ అదే చూసేవాడు.

"ఏం కనిపిస్తోంది పెదనాన్నా?" అని అడిగాను ఒకరోజు.

"నిన్న సూసిందే" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "నిన్న ఎక్కడున్నాదో అక్కడే ఉన్నాదే!"

ఒకరోజు సాయంత్రం మబ్బు పట్టింది. వాన రాకముందే ఇంటికి వెళ్ళాలని హడావిడిగా లేచాడు. డోరు దాటాక చూశాను, తువ్వాలు సీటు మీదే ఉంది. "పెదనాన్నా, తువ్వాలు!" అని కేకేశాను.

"ఉండనీ. రేపొస్తాను కదేటి" అని వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు.

మర్నాడు పొద్దున్న పైడమ్మ వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయాడట. అక్కడికి వెళ్ళాక కూడా నాకు ఏడుపు రాలేదు. ఎవరో ఆయన తల కింద పెట్టడానికి తువ్వాలు కోసం ఇల్లంతా వెతుకుతుంటే అప్పుడు వచ్చింది. అది మా ఇంట్లో ఉందని నేను చెప్పలేదు. నేను జీవితంలో కావాలని చేసిన దొంగతనం అదొక్కటే.

బొబ్బిలి నుంచి తిరిగొచ్చిన మర్నాడు గది నిండా జనం. పెళ్ళిళ్ళ రోజులు. నాలుగు దాటింది. ఒక కొత్తావిడ, దూరం నుంచి వచ్చినట్టుంది, చంటిపిల్లను చంకనేసుకుని నిలబడలేక నిలబడి, వెనక మూల కిటికీ పక్కన ఖాళీగా ఉన్న సీటు చూసింది. దగ్గరికి వెళ్ళి, తువ్వాలు చూసి ఆగిపోయింది. శుక్రవారం శుక్రవారం ఉతికి, మడతపెట్టి, మళ్ళీ అక్కడే వేస్తాను. అది చిరుగులు పడుతోంది.

"ఇక్కడ ఎవరైనా వస్తారేటమ్మా?" అని అడిగింది.

నా పెదాల మధ్య గుండుసూదులున్నాయి. మాట్లాడటానికి లేదు. వస్తారని తల ఊపి, లేచి, నా స్టూలు ఆవిడకిచ్చాను. మిగతా జాకెట్టు నిలబడే కుట్టాను.